పరమపదానికి దారి ఎటు?

మా శ్రీవైష్ణవ భక్తమండలివారు దివ్యదేశాలనే 108 విష్ణుక్షేత్రాల వివరాలను అంతర్జాలంలో పెట్టి, ఒక్కొక్క క్షేత్రాన్నీ పటం మీద గుర్తించి, వెళ్ళే దారి కూడా చూపించాలని తీర్మానించినప్పుడు, ఆ 108లో రెండు అసలు ఈ భూమి మీదే లేవన్న సంగతి తెలియనివాడు ఆ సభలో ఒక్కడే ఉన్నాడు. సాఫ్ట్‌వేర్ రాసే పని అప్పగించింది సరిగ్గా ఆ కుర్రవాడికే. మిగిలినవారందరికీ అది పుట్టినప్పటి నుంచీ తెలిసిన విషయం కావడంతో, విడమరచి చెప్పాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

చోళనాటి 40 క్షేత్రాలూ, పాండ్యనాటి 18 క్షేత్రాలూ చకచకా పటమెక్కాయి. మన తిరుమల, అహోబిలాలతోపాటు నేపాల్‌లోని సాలగ్రామం కూడా ఏ పేచీ పెట్టకుండా వచ్చి కూర్చుంది. కంచిలో మాత్రం చిన్న చిక్కు ఎదురైంది. అక్కడి ఉలగళంద పెరుమాళ్ కోవెల ఆవరణలోనే ఊరగం, నీరగం, కారగం, కార్వానం అనే నాలుగు దివ్యదేశాలున్నాయి. ఒకే చోట నాలుగు గుర్తులు పడేసరికి, ఒకే క్షేత్రాన్ని మళ్ళీ మళ్ళీ ఎక్కించారని భావించి సాఫ్ట్‌వేర్ మూడింటిని తనంత తానే తీసి పారేసింది. వాటి పునఃప్రతిష్ఠ సులువుగానే జరిగింది. అసలు కథంతా భూమి మీద లేని ఆ రెండింటి దగ్గర, అంటే పాలసముద్రమైన క్షీరాబ్ధి, వైకుంఠమైన పరమపదాల దగ్గర మొదలైంది.

ప్రతి క్షేత్రానికీ అక్షాంశం, రేఖాంశం, సమీప రైల్వే స్టేషన్, చేరుకునే మార్గం, తిరుగు ప్రయాణం, ఫోన్ నంబరు అనే గడులు తప్పనిసరిగా నింపాలి. వివరాలు ఎక్కించే బాధ్యత తీసుకున్న ఆచార్యులుగారు తెలియనిది రాయరు, తెలిసింది వదలరు. అందుచేత క్షీరాబ్ధికీ పరమపదానికీ అక్షాంశ రేఖాంశాల దగ్గర సున్నాలు చుట్టి, రైల్వే స్టేషన్ దగ్గర ‘లేదు’ అని రాసి, చేరుకునే మార్గం అన్నచోట మాత్రం ముక్తి పొందిన జీవుడు పరమపదానికి వెళ్ళే అర్చిరాది మార్గాన్ని అగ్నితో మొదలుపెట్టి, పగలు, శుక్లపక్షం, ఉత్తరాయణం, సంవత్సరం మీదుగా వైకుంఠం పొలిమేరలోని విరజానది దాకా ఒక్క మజిలీ కూడా పోనివ్వకుండా వర్ణించారు. తిరుగు ప్రయాణం గడి చూసేసరికి ఆయనకు కోపం వచ్చింది.

“ఏమయ్యా, ‘అనావృత్తిః శబ్దాత్’ అని, వెళ్ళినవాడు తిరిగి రాడని రెండుసార్లు చెప్పి మరీ బ్రహ్మసూత్రాలు ముగిస్తే, నువ్వు తిరుగు ప్రయాణం అడుగుతావా?” అని నిలదీశారు.

“అయితే వన్ వే అని పెట్టమంటారా స్వామీ?” అన్నాడు కుర్రవాడు వినయంగా.

ఆచార్యులుగారు కాసేపు ఆలోచించి, సిద్ధాంతానికి విరోధమేమీ లేదని ఒప్పుకున్నారు.

సున్నా అక్షాంశం, సున్నా రేఖాంశం అంటే భూమధ్యరేఖా గ్రీనిచ్ రేఖా కలిసే చోటు. అది ఆఫ్రికా పశ్చిమ తీరానికి ఆవల, గినీ సింధుశాఖలో నడిసముద్రం. ధనుర్మాసం మొదటిరోజున పటం అందరికీ అందుబాటులోకి వచ్చేసరికి క్షీరాబ్ధి, పరమపదం రెండూ అక్కడే వెలిశాయి. హైదరాబాదు నుంచి వైకుంఠం సుమారు 8,800 కిలోమీటర్లని తేలింది. బదరి కంటే దూరమే అయినా, భయపడినంత దూరం కాదని ఊరట చెందినవారు కూడా ఉన్నారు.

క్షీరాబ్ధి విషయంలో పెద్దగా గొడవ జరగలేదు. పాలది కాకపోయినా సముద్రమంటూ ఒకటి ఉంది కదా అని సర్దుకున్నారు. అయితే వైష్ణవాగమమైన పాంచరాత్రం వేరువేరుగా చెప్పిన, వైకుంఠంలోని పరరూపాన్నీ పాలసముద్రంలోని వ్యూహరూపాన్నీ ఒకే ఎర్ర చుక్కలో కుక్కడం ఏమి న్యాయమని పండితులు ఆక్షేపించారు. పరమపదాన్ని అక్కడి నుంచి లేవదీసి శ్రీరంగంలో పెట్టాలనీ, అది భూలోక వైకుంఠమనీ ఒక వర్గం వాదించింది. తిరుమల కలియుగ వైకుంఠం కాదా అని రెండో వర్గం లేచింది. ఈ రెండు వర్గాలకూ మధ్య వైకుంఠం అటూ ఇటూ మారుతుండగా, సముద్రంలో ఉన్నప్పుడే ప్రశాంతంగా ఉందని కుర్రవాడు నిట్టూర్చాడు.

చివరికి ఆ రెండు దివ్యదేశాలకూ లొకేషన్ అక్కరలేకుండా చేసి, పటానికి పైన విడిగా చూపించి గొడవ సద్దుమణిగేలా చేశారు. ఫోన్ నంబరు గడి మాత్రం తప్పనిసరిగానే మిగిలిపోవడంతో, డెబ్బై దాటిన మా కార్యదర్శిగారు తాత్కాలికంగా తన నంబరు ఇచ్చారు. తరువాత దాన్ని తీసేయాలన్న సంగతి అందరూ మరచిపోయారు. వైకుంఠ ఏకాదశినాడు తెల్లవారక ముందే ఆయన ఫోన్ మోగింది.

“స్వామీ, పరమపదమేనా అండి?” అన్నారు అవతలివారు. ఆయన నోరు విప్పేలోపే, “ఉత్తరద్వారం ఎన్నింటికి తెరుస్తారు? పెద్దవాళ్ళకు వేరే క్యూ ఉందా, త్వరగా పంపించేస్తారా?” అని అడిగారు.

కార్యదర్శిగారు మారు మాట్లాడకుండా ఫోన్ కట్టేసి కోవెలకు బయలుదేరారు.