సెయింట్ ఆండ్రూసా? ఎగ్మోర్‌కి ఆటో ఎక్కండి సార్!

ఆదివారం పొద్దున్నే పూజ కూడా ఎగ్గొట్టి, ఐదొందలు కట్టి, చెన్నై సెయింట్ జార్జ్ కోటలో హెరిటేజ్ వాక్‌కి వెళ్లొచ్చా. ఇంకా టిఫిన్ చెయ్యలేదు. ముందు ఇది కక్కేస్తేగానీ ముద్ద దిగేలా లేదు.

గైడు కుర్రాడు సెయింట్ మేరీస్ చర్చి ముందు నిలబెట్టి ఇరవై నిమిషాలు వాయించాడు. 1680 నాటిదట, అమెరికాలో యేల్ యూనివర్సిటీకి పేరిచ్చిన ఏల్ దొర పెళ్లి ఇక్కడే అయిందట, పైకప్పు బాంబు పడ్డా చెక్కుచెదరదట. సరే బాబూ. తర్వాత వదిలాడు అసలు మాట: "కోటలో మొట్టమొదటి చర్చి ఇదే."

ఊరుకోలేకపోయా. "మరి సెయింట్ ఆండ్రూస్ సంగతేంటి?" అన్నా.

"అది ఎగ్మోర్‌లో సార్, ఆటోలో వెళ్లిపోవచ్చు."

అందరూ కిసుక్కున నవ్వారు. ఎగ్మోర్‌ది 1821లో తెరిచిన స్కాట్లాండ్ వాళ్ల చర్చిరా నాయనా! నేనడిగింది, నువ్వు మైకు పట్టుకుని నిలబడ్డ ఈ కోటలోనే ఉండి, ఒక్క ఇటుక మిగలకుండా పోయిన మా కతోలికుల గుడి.

1642లో ఫ్రెంచి కపూచిన్ (కతోలిక సన్యాసుల సభ) గురువు ఫాదర్ ఎఫ్రాయిం బర్మా వైపు పెగూకి పోతూ ఇక్కడ ఆగితే, ఈస్టిండియా కంపెనీవాళ్లే ఉండిపొమ్మన్నారు. భక్తి పొంగి కాదులెండి. పోర్చుగీసు సిపాయిలు పెళ్లాంబిడ్డలతో కోటలో ఉండాలంటే పూజ చెప్పడానికి ఓ ఫాదర్ కావాలిగా, లేకపోతే పక్కనే ఉన్న పోర్చుగీసు ఊరు శాంథోమ్ దారి పడతారు. అక్కడి పోర్చుగీసువాళ్లకి ఇది కంటగింపై, 1649లో ఆయన్ని పట్టుకుని గోవా ఇంక్విజిషన్‌కి, అంటే మత విచారణ కోర్టుకి, అప్పగించారు. విడిపించమని శాంథోమ్ మీదికి వచ్చి కూర్చున్నదెవరో తెలుసా? గోల్కొండ సేనాని మీర్ జుమ్లా! కతోలిక గురువుని కతోలికులు బంధిస్తే ముస్లిం సేనాని అడ్డుపడ్డాడు. ఇంత కథ పెట్టుకుని వీళ్లు ఏల్ దొర పెళ్లి ముచ్చట్లు చెబుతారు.

1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసు పట్టుకున్నారు. 1749లో ఊరు మళ్లీ ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. కోట కాపాడుకోలేని ఘనులు తప్పెవరిమీద తోశారు? కతోలికుల మీద. ఫ్రెంచివాళ్లకి సాయం చేశారట! గుడి లాక్కున్నారు, కొన్నాళ్లకి నేలమట్టం చేశారు. అంత గుడీ ఇవాళ గైడు నోట్లో ఒక్క ముక్కకి నోచుకోలేదు.

దానికంటే నాకు మండేది కోట బయట వేపేరి పేట సంగతి. పెట్రస్ ఉస్కాన్ అని ఓ ఆర్మీనియన్ షావుకారు. సైదాపేట దగ్గర అడయారు మీద వంతెన, 1726లో, సొంత డబ్బుతో కట్టించాడు. సెయింట్ థామస్ మౌంట్ మెట్లూ ఆయనవే. ఫ్రెంచివాళ్లు రమ్మంటే వెళ్లక ఆస్తి పోగొట్టుకున్నాడు. అలాంటి మనిషి వేపేరిలో కట్టించిన కతోలిక గుడిని ఆయన పోయిన మరుసటేడే తీసి ప్రొటెస్టెంట్ మిషనరీలకి ఇచ్చేశారు కంపెనీ దొరలు. విశ్వాసానికి బహుమానం!

అసలు గైడుని అని ఏం లాభం? కోటకి స్థలం ఎవరిచ్చారని ఎవరో అడిగితే "సమ్ లోకల్ చీఫ్" అన్నాడు. దామెర్ల వెంకటాద్రి నాయకుడు బాబూ! మన తెలుగువాడు! ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. అయినా పట్టుమని పదిమంది తెలుగువాళ్లం ఉన్నాం ఆ గుంపులో, ఒక్కడు నోరు తెరవలేదు. పైగా పక్కనే ఉన్న నెల్లూరాయన "వదిలేయండి సార్, పాత సంగతులు" అంటాడు. "మద్రాసు మనదే" అని అరిచిన జాతి, 1953లో కర్నూలుకి మూటాముల్లె సర్దుకున్నాక ఇక్కడ మనదేముందో అడగడం కూడా మానేసింది. పొట్టి శ్రీరాములుగారు ప్రాణం వదిలిన ఇల్లు మైలాపూర్‌లో ఉందని మీలో ఎంతమందికి తెలుసు? ఎంతమంది వెళ్లారు? నేనూ ఒక్కసారే వెళ్లాన్లెండి, అదీ వాన పడి తలదాచుకోడానికి.

మా అమ్మ మాత్రం మంగళవారం మంగళవారం ఆర్మీనియన్ వీధికి వెళ్తుంది. కోటలో గుడి పోయాక కపూచిన్లకి మిగిలింది ఆ వీధే. అమ్మకది అంతోనివారి గుడి, అంతే. గేటు మీద 1642 అని ఉంటుంది, దాని కిందే కొవ్వొత్తులు బేరమాడుతుంది. ఇందాక ఫోన్లో ఇదంతా చెబితే "ఆ అంకె మన ఇంటి నంబరు లాగుంటే బావుండేదిరా, గుర్తుండేది" అంది.

ఇదిగో, ఇప్పుడే మెసేజ్. వాక్ నచ్చిందా, ఐదు నక్షత్రాలివ్వమని. ఒకటిచ్చా. కామెంట్ పెట్టెలో మూడొందల అక్షరాలకి మించి పట్టదట.