స్ట్రెచర్ తోయడమే పనా?
ఎమర్జెన్సీలో సపోర్ట్ స్టాఫ్ అంటే స్ట్రెచర్ తోసేవాళ్లే అన్నట్టు మీ వ్యాసంలో రాశారు, నేను ఒప్పుకోను. చెన్నైలో ఒక ఆసుపత్రి క్యాజువాల్టీలో నాలుగేళ్లు సపోర్ట్ స్టాఫ్‌గానే చేశాను. గుండె ఆగినవాళ్లకు చేసే సీపీఆర్‌లో నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కాలి. రెండు నిమిషాలకే చేతులు పడిపోతాయి, పక్కవాళ్లు అందుకోవాలి. ఆ పక్కవాళ్లలో మేమూ ఉండేవాళ్లం. ఇక నెల్లూరు, సూళ్లూరుపేట వైపు నుంచి అర్ధరాత్రి అంబులెన్సులో దిగేవాళ్లలో చాలామందికి తమిళం రాదు. ‘మా నాయనకు షుగరుందన్నా, పొద్దుట్నుంచి ఏం తినలా’ అని ఒకబ్బాయి నా చెయ్యి వదలకుండా చెప్పాడు. అది డ్యూటీ డాక్టరుకు తమిళంలో చెప్పింది నేనే. వెంటనే వేలు గుచ్చి చూశారు, షుగర్ బాగా పడిపోయి ఉంది. జీతం డబ్బులు సరిగా అందవని మీరు రాసింది మాత్రం నిజం. ఓవర్‌టైమ్ డబ్బులు అడిగితే ఎప్పుడూ ‘వచ్చే నెల’ అనేవాళ్లు.