పంచాయతీ ఆఫీసు పెట్టెలోని ఎర్ర లైటు గారికి

మహారాజశ్రీ ఎల్‌వోఎస్ (లాస్ ఆఫ్ సిగ్నల్, అంటే సిగ్నల్ పోయిందని చెప్పే) లైటు గారికి,

కార్యదర్శి గారు మండలం మీటింగుకు వెళ్లినా, ఆఫీసుకు తాళం పడినా డ్యూటీ దిగని ఉద్యోగి తమరొక్కరే. నెట్టు తెచ్చే గాజుపోగులో (ఫైబరులో) వెలుతురు రావడం ఆగిపోతే వెలగడమే తమరి పని. ఆ పనిలో తమరికి లోటు రానివ్వకుండా చాలామంది చూసుకుంటున్నారు.

పంచాయతీలన్నిటికీ ఫైబరు వేస్తామని కేంద్రం 2011లో నిర్ణయించింది. 2015లో దానికి భారత్‌నెట్ అని పేరు మార్చారు. పంచాయతీకి 100 ఎంబీపీఎస్ అన్నారు. రాష్ట్రం వంతుగా ఏపీ ఫైబర్‌నెట్ 2016 డిసెంబరులో మన కోనసీమ మోరి నుంచే మొదలైంది. నెలకు 149 రూపాయలకే నెట్టు, ఫోను, టీవీ అన్నారు. ఆ రోజుల్లో తమరి పక్కనున్న పచ్చ లైటుకే గౌరవం.

తమరి ప్రాభవానికి మూలం చిన్న లెక్క. మండలంలోని ఓఎల్‌టీ (వెలుతురు పంపే పెట్టె) నుంచి ఇక్కడి ఓఎన్‌టీ (తమరున్న పెట్టె) దాకా దారిలో 28 డెసిబెల్స్ (వెలుతురు తరుగును కొలిచే లెక్క) పోయినా పని జరుగుతుంది. ఒక తీగ వెలుతురును 32 పాయలుగా పంచే స్ప్లిటర్ ఒక్కటే 17 తినేస్తుంది. పది కిలోమీటర్ల తీగకు 3.5, కనెక్టర్లకూ జాయింట్లకూ ఇంకో ఒకటిన్నర. మిగిలేది ఆరు. అదే మన పాలిట నిల్వ ధాన్యం.

ఇక వేసవి వస్తుంది. కాలువలు కట్టేస్తారు, పూడిక తీయడానికి పొక్లెయిన్లు గట్టెక్కుతాయి. పాతిన తీగ 1.65 మీటర్ల లోతులో ఉండాలి. ఈ నేలలో అంత లోతు తవ్వితే ఊట నీరు ఎగదన్నుతుంది కాబట్టి, లోతు పుస్తకంలో ఉంటుంది, తీగ పైన ఉంటుంది. పొక్లెయిన్ పంటికి అందుతుంది. చేపల చెరువు తవ్వినా అంతే. స్తంభాల మీద తీగ లాగిన చోట ఆ బాధ్యత కొబ్బరిమట్టలు, గాలివానలు తీసుకుంటాయి.

తెగడం పెద్ద తప్పు కాదు, అతకడంలోనే ఉంది మహత్యం. దగ్గర్లో మిగులు చుట్ట వదిలి ఉంటే ఒక జాయింటుతో సరిపోతుంది. వదలరు కాబట్టి మధ్యలో ముక్క వేసి రెండు చోట్ల అతకాలి. శుభ్రంగా తుడిచి, నిటారుగా కోసి, ఫ్యూజన్ మిషనుతో (గాజును కరిగించి) అతికితే జాయింటుకు 0.1 పోతుంది. గట్టు మీద దుమ్ములో, చీకటిపడే వేళ హడావిడిగా అతికితే ఒక్కో దానికి ఒకటి పోవచ్చు. అలా మూడుసార్లు తెగితే మన ఆరూ సఫా. దానికితోడు జాయింటు బాక్సు మూత సరిగా బిగించకపోతే ముసురుకు నీళ్లు దిగుతాయి. నాలుగోసారి తెగాల్సిన పని లేదు, తమరు తిష్ఠ వేస్తారు.

తమరి దొంగ తెలివి ఇంకోటి ఉంది. మండలంలో కరెంటు పోయి బ్యాటరీ చచ్చినా తమరు ఇలాగే వెలుగుతారు. పాపం లైన్‌మన్ ఓటీడీఆర్ (తీగ ఎక్కడ తెగిందో చూపే మిషను) మోసుకుని లేని తెగుడు కోసం గట్లంట తిరుగుతాడు. ముందు ఓఎల్‌టీకి ఫోను చేసి, పక్క పంచాయతీలు కూడా ఎర్రబడ్డాయా అని అడిగితే సగం తిరుగుడు తప్పేది.

2023లో కేంద్రం 1.39 లక్షల కోట్లతో పథకాన్ని సవరించింది. ఇక తీగ రింగులా వేస్తారు, ఒక దారి తెగితే రెండో దారిలో వస్తుంది. తమరు కంగారు పడనక్కర్లేదు. లంకల్లో రెండు దారులూ ఒకే వంతెన రెయిలింగు పట్టుకుని వస్తే ఒక్క లారీ చాలు.

తమరి కొలువుకు నిజంగా ముప్పు తెచ్చేది ఒక నోటుపుస్తకం. పెట్టె బిగించిన రోజున పవర్ మీటర్ (వచ్చే వెలుతురును కొలిచేది) ఎంత చూపిందో, ప్రతి మరమ్మతు తర్వాత ఎంత చూపిందో అందులో రాయాలి. రెండు డెసిబెల్స్ పడిపోతే జాయింటు మళ్లీ వేయించాలి, అప్పటిదాకా బిల్లు మీద సంతకం పెట్టకూడదు. ‘కలిపిన పంచాయతీలు’ అనే గడి నింపడం తెలిసినవాళ్లకు ఈ గడి కూడా కష్టమేం కాదు.

ఇట్లు,
తమరి వెలుగులో జనన ధృవీకరణ పత్రాల కోసం క్యూలో నిలబడ్డవాళ్లు

తా.క.: ఇది కార్యదర్శి గారికి. పెట్టె మీద ఆరేసిన సన్మాన శాలువాలు తీయించండి, గాలాడక ఓఎన్‌టీ వేడెక్కిపోతోంది.