సాయంత్రం నెత్తురుకు పొద్దుటి కొలత

మా పిన్నిది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు దగ్గరున్న పర్లాకిమిడి పక్కన పల్లె. రెండేళ్లుగా నోట్లో మంట. బుగ్గల లోపల తెల్లటి సన్నగీతలు, ముగ్గు వేసి సగం చెరిపినట్టు. వాటి మధ్య ఒరుసుకుపోయి ఎర్రబడ్డ మచ్చలు. చింతపండు పులుసు తగిలిందంటే కళ్లమ్మట నీళ్లే. మొదట అందరూ ‘వేడి చేసింది’ అన్నారు. మజ్జిగ అయింది, సబ్జా గింజలు అయ్యాయి, బి కాంప్లెక్స్ మాత్రలూ అయ్యాయి. చివరికి ఒక క్లినిక్‌లో ‘టెన్షన్‌తో హార్మోన్ తేడా చేస్తే ఇలాగే అవుద్ది’ అని, ఒత్తిడి వేళ ఒంట్లో పెరిగే హార్మోన్ కార్టిసాల్‌కు పరీక్ష రాశారు.

“నాకేటి టెన్షన్రా, పొద్దున్న లేస్తే పనే కదా” అంది పిన్ని, రిపోర్టు నా చేతిలో పెడుతూ.

కార్టిసాల్ 4.6. పక్కన కిందికి చూపించే బాణం గుర్తు. ‘హార్మోన్ పడిపోయింది’ అని చెప్పి పంపేశారట. అదే కాగితం మీద రక్తం తీసిన వేళ కూడా ఉంది, సాయంత్రం 4:40. పల్లె నుంచి బస్సెక్కి ఆమె ల్యాబ్‌కి చేరేసరికి అంతయింది మరి. బాణం మాత్రం పొద్దుటి కొలత చూసి వేసింది.

కార్టిసాల్ రోజంతా ఒకేలా ఉండే వస్తువు కాదు. నిద్ర లేచిన అరగంటకు శిఖరానికి చేరుతుంది, పొద్దెక్కేకొద్దీ దిగుతుంది, అర్ధరాత్రి వేళకు అడుగంటుతుంది. ఉదయం 8 గంటలకు తీసిన రక్తంలో డెసీలీటరుకు సుమారు 5 నుంచి 25 మైక్రోగ్రాములు మామూలు. సాయంత్రానికి అందులో సగమో, ఇంకా తక్కువో ఉండడమూ మామూలే. అంటే ఆ వేళకు పిన్ని అంకె మామూలు లెక్కలోనే ఉంది.

జబ్బు పేరు ఓరల్ లైకెన్ ప్లానస్. 1869లో ఎరాస్మస్ విల్సన్ అనే ఇంగ్లీషు వైద్యుడు లైకెన్ ప్లానస్‌ను వర్ణించాడు. ఆ తెల్లగీతలకు విక్‌హామ్ అనే ఫ్రెంచి వైద్యుడి పేరు వచ్చింది. శరీరాన్ని కాపాడాల్సిన టి కణాలే నోటి పైపొర మీద విరుచుకుపడి వాపు తెస్తాయి. పెద్దవాళ్లలో నూటికి ఒకరికి అటూఇటూగా ఉంటుంది, నడివయసు ఆడవాళ్లలో ఎక్కువ. అంటువ్యాధి కాదు. పూర్తిగా పోదు, తగ్గుతూ తిరగబెడుతూ ఉంటుంది.

ఆందోళన పెరిగిన రోజుల్లో మంట పెరుగుతుందని చాలామంది రోగులు చెబుతారు. దాని మీదే పరిశోధకులు ఉమ్మిలో కార్టిసాల్ కొలవడం మొదలుపెట్టారు. ఉమ్మి ఎందుకంటే, రక్తంలోని కార్టిసాల్‌లో ఎక్కువ భాగం ప్రోటీన్లకు అంటుకుని ఉంటుంది, విడిగా ఉన్న కొద్దిపాటి భాగమే ఉమ్మిలోకి వస్తుంది, పని చేసేదీ అదే. సూది గుచ్చక్కర్లేదు కూడా. ఫలితాలు మాత్రం ఒక దారిన పోలేదు. కొన్ని అధ్యయనాల్లో ఈ రోగులకు కార్టిసాల్ ఎక్కువగా కనబడింది, కొన్నింట్లో మామూలు వాళ్లకూ వీళ్లకూ తేడాయే లేదు. ఒక్కో అధ్యయనంలో ఉన్నది తరచూ కొన్ని పదుల మందే. వాళ్లూ అప్పటికే డెంటల్ కాలేజీ దాకా వచ్చిన, భయపడిపోయిన మనుషులు.

నన్నడిగితే అసలు చిక్కు ఉమ్మిలోనే ఉంది. రక్తంలో ఉన్న కార్టిసాల్‌తో పోలిస్తే ఉమ్మిలో ఉండేది చాలా తక్కువ. కాబట్టి నోట్లో పుండు నుంచి రవ్వంత నెత్తురు కలిసినా లెక్క పైకి ఎగబాకుతుంది. ఏ జబ్బుకైతే కొలుస్తున్నామో ఆ జబ్బులోనే చిగుళ్లు, బుగ్గలు ఒరుసుకుపోయి రక్తం కారుతుంది! పైగా వైద్యానికి వాడేదీ ఆ కుటుంబం మందే. నోట్లో పూసే స్టెరాయిడ్ పేస్టులు కార్టిసాల్‌కు చుట్టాలు, హైడ్రోకార్టిసోన్ అయితే అచ్చంగా కార్టిసాలే. అది పూసుకున్న నోటి నుంచి ఉమ్మి పడితే జబ్బును కొలిచినట్టా, మందును కొలిచినట్టా?

పిన్ని సంచిలో ఇంకోటి దొరికింది. పేరు లేని కవర్లో చిన్న మాత్రలు, మందుల షాపులో ‘నోటి మంటకి’ అని ఇచ్చినవి. షాపుకెళ్లి అడిగితే బీటామెథసోన్ అన్నారు. బయటి నుంచి ఆ స్టెరాయిడ్ వస్తుంటే ఒంట్లో కార్టిసాల్ తయారుచేసే అడ్రినల్ గ్రంథి తన పని తగ్గించుకుంటుంది. కార్టిసాల్ నిజంగానే పడిపోతుంది. అంటే రేపు పొద్దున్న 8 గంటలకే రక్తం తీసి, మళ్లీ తక్కువ వచ్చినా, ఆ నేరం టెన్షన్‌ది కాకపోవచ్చు. నెలల తరబడి వాడినవాళ్లు ఒక్కసారిగా మానేయడమూ ప్రమాదమే. డాక్టరు చెప్పినట్టు మెల్లగా దిగాలి.

ఈ ‘టెన్షన్’ మాట సంగతి చెప్పాలి. ఇక్కడ ఆసుపత్రి చీటీ మీద మాట ఒడియా, ల్యాబ్ కాగితం ఇంగ్లీషు, పిన్ని చెప్పుకునేది తెలుగు. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పటి నుంచీ ఈ ఊళ్లలో ఇదే బతుకు. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరిది, మా పిన్ని మంటను మాత్రం ఆమె మాటల్లో రాసుకున్నవాళ్లు లేరు. మూడు భాషల్లోనూ చెల్లే మాట ఒక్కటే, టెన్షన్. అందుకే అది రోగనిర్ధారణ అయి కూర్చుంది. ఆడవాళ్ల విషయంలో మరీ సులువుగా. కార్టిసాల్ ఎక్కువగా కనబడ్డ రోగుల్లో అది మంటతో రాత్రిళ్లు నిద్ర లేక పెరిగి ఉండొచ్చన్న సంగతి ఎవరికీ తట్టదు.

కొలవాల్సిన హార్మోన్ ఏదైనా ఉంటే అది థైరాయిడ్. థైరాయిడ్ మందగించినవాళ్లలో ఈ జబ్బు కాస్త ఎక్కువని ఒకటికి మించి అధ్యయనాలు చెప్పాయి. దానికి తోడు బీపీ మాత్రలు, నొప్పి మాత్రలు, పంటిలో నింపిన వెండిరంగు లోహమిశ్రమం కూడా ఇలాంటి మచ్చలే తెప్పించగలవు. ఇవి అడగడానికి ఖర్చు లేదు, ఓపిక ఉంటే చాలు.

ఖర్చు పెట్టాల్సింది ముక్క పరీక్షకు, అంటే మచ్చ నుంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీకి. ఈ మచ్చలు ఏళ్లు గడిచేకొద్దీ నూటికి ఒకరికి క్యాన్సర్‌గా మారవచ్చు. తక్కువే, కానీ మా వైపు నోళ్లకు ఆ లెక్క సరిపోదేమో. అటు శ్రీకాకుళం, విశాఖ తీరంలోనూ ఇటు గంజాంలోనూ పెద్ద ముసలమ్మలు చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. 1971లో వెలువడిన అధ్యయనంలో 10,169 మంది ఆంధ్ర పల్లెవాసుల అంగిళ్లు పరీక్షించి దాని దెబ్బ చూపించారు. ఇక పర్లాకిమిడిలో పళ్లకు రుద్దుకునే గుడాకు ఉండనే ఉంది, అదీ పొగాకే. పిన్ని రోజుకు రెండుసార్లు రుద్దుతుంది. రెండేళ్లలో ఆ సంగతి ఆమెను అడిగినవాళ్లు లేరు.

పోయిన నెల గుణుపురం నుంచి వచ్చే రైలెక్కించి విశాఖ తీసుకెళ్లాను. ముక్క తీశారు, లైకెన్ ప్లానస్ అనే తేలింది, క్యాన్సర్ లక్షణం లేదు. రాత్రి పడుకునే ముందు పూసుకోవడానికి పేస్టు, నోట్లో బూజు పట్టకుండా ఇంకో మందు ఇచ్చారు. బీటామెథసోన్ మెల్లగా తగ్గించే లెక్క రాశారు. ఆరు నెలలకోసారి చూపించుకోమన్నారు. గుడాకు డబ్బా మాత్రం ఇంకా దూలం మీదే ఉంది. ‘పారేస్తాన్రా’ అంటోంది.