ఎటికెట్ అనే మాట గడ్డిలో మొలవలేదు

వాట్సాప్ గ్రూపుల్లో ఏళ్ల తరబడి తిరుగుతున్న మెసేజ్ ఒకటుంది. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ కాలంలో వెర్సాయ్ రాజభవనం తోటలో జనం పచ్చిక తొక్కేస్తున్నారని తోటమాలి ‘గడ్డి మీద నడవరాదు’ అని బోర్డులు పాతాడట. ఆ బోర్డు పేరు ఎటికెట్. వాటిని పాటించి తీరాలని రాజు ఆజ్ఞ వేశాడు కాబట్టి మంచి నడవడికకు ఆ పేరు స్థిరపడిందట. చివర్లో ఒక చురక కూడా: తెలుగులో దీనికి మాటే లేదు, ఎటికెట్ లేనివాడికి సంస్కారం లేనట్టే.

ముందు బోర్డు సంగతి. ఫ్రెంచిలో ఎటికెట్ అంటే తగిలించిన చీటీ. అంతవరకు నిజం. కానీ ఆ మాట లూయీ కంటే చాలా పాతది. ‘గుచ్చు, అతికించు’ అనే పాత ఫ్రెంచి క్రియ నుంచి వచ్చింది. ఆ రోజుల్లో కోర్టు కేసు కాగితాలన్నీ ఒక సంచిలో వేసి, పైన వివరాల చీటీ కట్టేవారు. సంచి విప్పి చదవకుండా తీర్పు చెప్పేస్తే ‘సంచి మీది ఎటికెట్ చూసి తేల్చేశాడు’ అని ఫ్రెంచివాళ్లు అనేవారు. మనం రోజూ కొనే టికెట్ కూడా ఈ మాటకు చుట్టమే. తోటమాలి కథ ఫార్వర్డ్ చేసేవాళ్లు మాత్రం ఆ కాలపు ఆధారం ఒక్కటీ చూపరు.

రాజాజ్ఞతో మొదలైందన్నదీ నిలవదు. ఇప్పటి ఫ్రాన్స్ తూర్పు భాగంలోని బర్గండీని ఏలిన డ్యూకుల దర్బారు పద్ధతులను, స్పెయిన్ రాజు కూడా అయిన చక్రవర్తి అయిదో చార్లెస్ 1548లోనే స్పెయిన్‌లో ప్రవేశపెట్టాడు. లూయీ పుట్టింది 1638లో.

వెర్సాయ్‌లో అసలు పేచీలు స్టూలు దగ్గర వచ్చేవి. రాణి ఎదుట డచెస్‌లు, అంటే డ్యూకుల భార్యలు, వీపు ఆనించే వీలు లేని చిన్న స్టూలు మీద కూర్చోవచ్చు. అంతకంటే కింది అంతస్తు ఆడవాళ్లు నిలబడాల్సిందే. రాత్రి రాజు పడుకోబోయేముందు కొవ్వొత్తి పట్టుకునే భాగ్యం ఎవరికి దక్కుతుందా అని ప్రభువులు కాచుకుని ఉండేవారు. ఎదుటివాడి మనసు నొప్పించకూడదన్న ఊసు ఇందులో ఎక్కడుంది? ఇంగ్లిషులోకీ ఎటికెట్ అనే మాట ఈ దర్బారు పద్ధతి అన్న అర్థంతోనే దిగింది. 1750లో ఇంగ్లండ్ ప్రభువు లార్డ్ చెస్టర్‌ఫీల్డ్ కొడుక్కి రాసిన ఉత్తరంలో, పోప్ దర్బారు ఎటికెట్ అదే అయితే ఆయన పాదరక్షను ముద్దు పెట్టుకోవడానికీ వెనకాడకు అంటాడు.

తెలుగులో మాట లేదా? ఏ పెళ్లికైనా వెళ్లి చూడండి. విడిదింటికి కాఫీలు ఆలస్యమైనా, ఎదురుకోలులో పెళ్లికొడుకు మేనమామను ఎవరూ పలకరించకపోయినా ‘మర్యాదలు సరిగ్గా జరగలేదు’ అని మగపెళ్లివారు అలుగుతారు. ఆ మర్యాదలు అచ్చంగా ఎటికెట్టే. ‘ఆయన మర్యాదస్తుడు’ అన్నప్పుడు చెప్పేది మాత్రం మనిషి మంచితనం గురించి.

ఈ రెంటినీ కలిపేయడం వల్ల దెబ్బ తినేది పల్లెల నుంచి వచ్చిన పిల్లలు. ఫోర్కు ఏ చేత్తో పట్టుకోవాలో తెలియని కుర్రాణ్ణి ఇంటర్వ్యూ ట్రైనింగ్‌లో నలుగురి ముందు నిలబెట్టి సంస్కారం లేదంటే నాకు కడుపు మండుతుంది. వాడికి తెలియనిది ఒక బల్ల దగ్గరి పద్ధతి. పది నిమిషాలు కూర్చోబెట్టి నేర్పితే వచ్చేస్తుంది.