సవరణ: జర్మనీ ఆరోగ్య యాప్‌ల ఖర్చు ఎవరిది?

జర్మనీలో డాక్టర్లు రాసిచ్చే ఆరోగ్య యాప్‌ల మీద మొన్నటి పోస్టులో "ఖర్చంతా ప్రభుత్వానిదే" అని ఉన్న చోట "చట్టబద్ధ ఆరోగ్య బీమా నిధులది" అని చదువుకోండి. ఆ నిధుల్లోకి వచ్చేది ప్రధానంగా ఉద్యోగి జీతంలోంచి కోసేది, దానికి తోడు యజమాని కట్టేది. జర్మన్ సర్కారు ఈ యాప్‌లు చేసే స్టార్టప్‌లలో వాటాలు కొంటోందని కొందరు కామెంట్లలో అనుకున్నారు, ఇది అది కాదు.

డాక్టరు రాసిచ్చే యాప్‌ల ఖర్చు ఈ నిధులే కట్టాలంటూ 2019 చివర్లో వచ్చిన చట్టం, ఆ స్టార్టప్‌లలో డబ్బు పెట్టే ఇన్వెస్టర్లకు చూపించింది ఖాయంగా డబ్బు కట్టే కొనుగోలుదారుణ్ని. కిటుకంతా అక్కడే. మందులు, వైద్య పరికరాల ఫెడరల్ సంస్థ పెట్టే యాప్‌ల జాబితాలో చోటు దొరికితే, మొదటి ఏడాది ధర దాదాపు కంపెనీ చెప్పిందే. బేరం ఆ తర్వాత. ప్రయోజనం ఇంకా రుజువు కాకపోయినా తాత్కాలికంగా చేరొచ్చు. ఆ నిధులు నడిపే బీమా సంస్థలు గొణిగేది దీని మీదే, నాకైతే అందులో న్యాయం ఉందనిపిస్తుంది.

రోగి డాక్టరు చీటీని బీమా సంస్థకు పంపితే ఒక కోడ్ వస్తుంది. అది కొడితేనే యాప్ తెరుచుకుంటుంది. 2020లో మొదట చేరినవాటిలో చెవిలో హోరుకు వాడే కాల్మెడా ఒకటి. అడుగులు లెక్కపెట్టే మామూలు యాప్‌లకు ఈ డబ్బు రాదు.