రంది లెక్కకు రావాలి

వైద్య పుస్తకాల్లో ‘ఆందోళన రుగ్మత’ అని రాసే జబ్బును ఓరుగల్లు పల్లెల్లో ఎవరూ ఆ పేరుతో పిలవరు. రంది అంటారు, బుగులు అంటారు, నెలలు గడిచినా తగ్గకపోతే మనాది పట్టుకుందంటారు. ఇన్ని మాటలు పుట్టిన నేల మీద ఆ బాధ కొత్తదని గానీ, పట్నవాసులకే వచ్చేదని గానీ అనుకోవడానికి వీల్లేదు. అయినా ఉత్తర తెలంగాణ వయోజనుల్లో ఎంతమంది దానితో బతుకుతున్నారన్న ప్రశ్నకు మనం ఇప్పటికీ దేశ సగటును పట్టుకునే జవాబు వెతుక్కుంటున్నాం.

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో ఇల్లిల్లూ తిరిగి దాదాపు 35 వేల మంది వయోజనులను ప్రశ్నించింది. ఆ పన్నెండింటిలో తెలంగాణ లేదు. సర్వే నాటికి వయోజనుల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారనీ, ఆందోళన, ఒత్తిడి సంబంధిత రుగ్మతలు 3.5 శాతం మందికి ఉన్నాయనీ తేలింది. రాష్ట్రాలవారీ వ్యాధిభారాన్ని అంచనా వేసిన మరో అధ్యయనం, 2017లో దేశవ్యాప్తంగా సుమారు నాలుగున్నర కోట్ల మంది, అంటే జనాభాలో 3.3 శాతం మంది, ఆందోళన రుగ్మతలతో ఉన్నారని, వారిలో స్త్రీలే ఎక్కువని చెప్పింది. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి వరంగల్ జిల్లా జనాభా 35 లక్షల పైచిలుకు. దేశ సగటే ఇక్కడా వర్తిస్తుందనుకున్నా బాధితులు లక్షా 15 వేల మంది అవుతారు. ఇది మేము కాగితం మీద వేసిన లెక్క, ఎవరూ వచ్చి కొలిచినది కాదు. ఏ సర్వే నంబరులో ఏ పంట వేశారో వ్యవసాయ విస్తరణ అధికారులు నమోదు చేసే రాష్ట్రంలో ఆ పంట వేసిన మనిషి నిద్రపోతున్నాడో లేదో నమోదయ్యే చోటు లేకపోవడం మమ్మల్ని బాధిస్తోంది.

ఈ లక్ష మందిలో చాలామంది ఆసుపత్రుల చుట్టూనే తిరుగుతున్నారు, కాకపోతే వేరే జబ్బుల పేర్లతో. అర్ధరాత్రి ఆటోలో తీసుకొచ్చిన నలభై ఏళ్ళ ఇల్లాలిని చూడండి. గుండె దడదడ కొట్టుకుంటోంది, అరచేతులు చెమట పట్టి చల్లబడ్డాయి, ఊపిరి అందడం లేదు, పాణం పోతుందన్న భయంతో తోడొచ్చిన చెల్లెలి చెయ్యి వదలడం లేదు. ఈసీజీ తీస్తారు. అది మామూలుగానే ఉంటుంది. ‘ఏం లేదమ్మా, గ్యాసు’ అని చెప్పి మాత్ర రాసి పంపుతారు. నెల తిరక్కుండానే మళ్ళీ అటువంటిదే ఇంకో రాత్రి, ఇంకో ఆసుపత్రి, ఇంకో ఈసీజీ, ఆపైన టూడీ ఎకో, థైరాయిడ్ పరీక్ష. ఊళ్ళో ఆర్ఎంపీ సెలైను ఎక్కిస్తే రెండు రోజులు నెమ్మదిస్తుంది. ఛాతీలో నొప్పి అన్నవారికి ముందుగా గుండె పరీక్ష చేయడంలో తప్పేమీ లేదు, చేసితీరాలి. తప్పంతా ఆ తర్వాత ‘ఏం లేదు’ అనడంలో ఉంది. గుండెకు ఏమీ లేదన్నది నిజమే కావచ్చు గానీ, ఆమెకు ఏమీ లేదనడం నిజం కాదు. అది కూడా జబ్బేనని, తగ్గే జబ్బేనని అక్కడే, ఆ రాత్రే చెప్పి ఉంటే ఆ కుటుంబానికి ఎన్ని వేల రూపాయల అప్పు తప్పేదో!

కష్టకాలంలో కలిగే కలవరమంతా జబ్బు కాదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. 2021లో తామర పురుగు మిరప తోటలను మాడ్చేసినప్పుడు మహబూబాబాద్, ములుగు రైతులకు నిద్ర పట్టలేదంటే అందులో రోగమేమీ లేదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో బస్తాల మీద కూర్చొని జెండా పాట వేలంలో ధర ఎంతకు పలుకుతుందోనని ఎదురుచూసే రైతు గుండెలో గుబులుకు మందు గిట్టుబాటు ధరే, మాత్రలు కాదు. పంట అమ్ముడుపోయి, బాకీ తీరి, అయినా ఆరు నెలలుగా ఆ గుబులు దిగకుండా, తిండి సహించక, మనుషుల్లోకి వెళ్ళబుద్ధి కాక, చేతిలోని పని ముందుకు సాగకపోతే అప్పుడది వైద్యం కావలసిన స్థితి. జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో గల్ఫ్‌కు పోయిన భర్త ఫోను ఒక్కపూట మోగకపోతే బీడీల చాట ముందేసుకొని వణికిపోయే స్త్రీల విషయంలోనూ ఈ తేడాను ఓపికగా పట్టుకోవలసిందే. పేదరికాన్నంతా మానసిక రోగమని ముద్రవేయడం ఎంత అన్యాయమో, పేదలు కాబట్టి రంది సహజమేనని వైద్యాన్ని నిరాకరించడమూ అంతే అన్యాయం.

వైద్యం దొరకనిచోట జనం తమ దారి తాము చూసుకుంటారు. ఉత్తర తెలంగాణలో ఆ దారి చాలాకాలంగా కల్లు దుకాణం వైపు ఉంది. కల్తీ కల్లులో కలిపే అల్ప్రాజోలం, డైజిపాం నిజానికి ఆందోళన తగ్గించే మందులే. అల్ప్రాజోలం కఠిన నియంత్రణ ఉన్న మందుల జాబితా షెడ్యూల్ హెచ్1లో ఉంది, వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడదు. కొద్ది రోజుల వాడకానికి ఉద్దేశించిన ఈ మందులు అలవాటుగా మారితే శరీరం వాటికి బానిస అవుతుంది. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు నిజామాబాద్ వంటి జిల్లాల్లో ఒక్కసారిగా కల్లు ఆగిపోయినవారు వణుకుతో, మూర్ఛలతో, మతి తప్పిన మాటలతో ఆసుపత్రుల్లో చేరడం రాష్ట్రమంతా చూసింది. అప్పట్లో దాన్ని ఆబ్కారీ సమస్యగా చూసి వదిలేశారు. సాయంత్రమైతే ఒంటి మీదికి వచ్చే బుగులును అణచుకోవడానికే సీసా అందుకున్నవారు అందులో ఎందరున్నారో ఎవరూ విచారించలేదు.

నిజమైన వైద్యం కొరుకుడు పడనిదేమీ కాదు. భయాన్ని కొంచెం కొంచెంగా ఎదుర్కోవడం నేర్పే కౌన్సెలింగ్, అవసరమైనవారికి వ్యసనంగా మారని మందులు కొన్ని నెలలు క్రమంగా వాడటం, ఈ రెండింటితో ఎక్కువమంది కోలుకుంటారు. అయినా ఆందోళన, కుంగుబాటు వంటి సాధారణ రుగ్మతలున్నవారిలో 85 శాతం మందికి చికిత్స అందడం లేదని నిమ్హాన్స్ సర్వేయే చెప్పింది. ప్రభుత్వ సేవల ద్వారా మానసిక వైద్యం పొందడం 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రతి పౌరుడికీ ఇచ్చిన హక్కు. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్‌లో తెలుగులో ఉచితంగా సలహా దొరుకుతుంది. పల్లె దవాఖానల గోడల మీద ఆ అంకె పెద్ద అక్షరాలతో కనిపించాలి.

ముప్పై ఏళ్ళు దాటినవారికి ఇంటికొచ్చి బీపీ, షుగరు వివరాలు రాసుకునే ఆశా కార్యకర్తల ఫారంలో కుంగుబాటు గురించి రెండు ప్రశ్నలున్నాయి, ఆందోళన గురించి ఒక్కటీ లేదు. ‘రెండు వారాలుగా బుగులుగా ఉంటున్నదా, రంది ఆపుకుందామన్నా ఆగుతలేదా’ అన్న రెండు ప్రశ్నలను ఈ ప్రాంతపు మాటల్లోనే అందులో చేర్చాలని మేము రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాం. అవునన్నవారందరూ రోగులు కారు. వారితో తీరిగ్గా మాట్లాడి తేల్చే వైద్యుడు ఉండాలి. అందుకోసం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద మానసిక వైద్యుడు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి నెలలో ఒక నిర్ణీత రోజున రావాలి, మిగతా రోజుల్లో అక్కడి మెడికల్ ఆఫీసరు చేతిలో వ్యసనంగా మారని ఆ మందులు నిల్వ ఉండాలి. వరంగల్, హనుమకొండ, జనగామ, మహబూబాబాద్, ములుగు, భూపాలపల్లి జిల్లాల్లో ఈ పని మిరప కోతలకు ముందే మొదలుకావాలి.